నెల తప్పగానే గర్భమేనా?
గర్భధారణ తొలి చిహ్నాలు – వాటి వెనక కథ

ఒక స్త్రీ తల్లి కాబోతున్నదని చెప్పటానికి మన తెలుగులో ఎన్ని మాటలున్నాయో ఎప్పుడైనా గమనించారా? ‘నెల తప్పింది’ అంటారు. ‘నీళ్లోసుకుంది’ అంటారు. ‘వేవిళ్లతో ఉంది’, ‘వట్టి మనిషి కాదు’, ‘కడుపుతో ఉంది’ అంటారు. వీటిలో కొన్ని మాటలు వట్టి మాటలు కావు. తరతరాలుగా ఆడవాళ్లు తమ శరీరంలో గమనించిన గుర్తులే మాటలుగా నిలిచాయి. ప్రయోగశాలలు లేని రోజుల్లో అమ్మమ్మలు, మంత్రసానులు ఈ గుర్తులు చూసే సంగతి చెప్పేవారు. చాలాసార్లు వాళ్లు చెప్పింది నిజమయ్యేది. కొన్నిసార్లు తప్పేది కూడా.

ఎందుకు నిజమయ్యేది? ఎందుకు తప్పేది? ఏ గుర్తును ఎంతవరకు నమ్మవచ్చు? అసలు ఈ విషయం త్వరగా తెలుసుకోవలసిన అవసరం ఏమిటి? ఈ ప్రశ్నలకు జవాబులు చూద్దాం.

ఇది ఆడపిల్లల పాఠం, మాకెందుకు అని మగపిల్లలు పేజీ తిప్పేయకండి. రేపు మీ ఇంట్లో అక్కకో వదినకో ఈ గుర్తులు కనిపించినప్పుడు ఆస్పత్రికి తోడు వెళ్లవలసింది మీరే కావచ్చు. ఇందులో సిగ్గుపడవలసిందీ ఏమీ లేదు. గుండె ఎలా కొట్టుకుంటుందో, తిన్న అన్నం ఎలా జీర్ణమవుతుందో చదువుకున్నట్టే దీన్నీ చదువుకోవాలి.

నెల ఎందుకు తప్పుతుంది?

యుక్తవయసు వచ్చిన స్త్రీలలో సుమారు 28 రోజులకొకసారి బహిష్టు వస్తుంది. అందరిలోనూ లెక్క సరిగ్గా 28 కాదు. కొందరిలో 21 రోజులకు, కొందరిలో 35 రోజులకు కూడా రావచ్చు. తర్వాతి బహిష్టుకు దాదాపు 14 రోజుల ముందు రెండు స్త్రీబీజకోశాల్లో ఒకదాని నుంచి ఒక అండం విడుదలై ఫాలోపియన్ నాళంలోకి చేరుతుంది. ఈ అండం ఒక రోజుకు మించి బతకదు. స్త్రీ పురుషుల కలయిక వల్ల లోపలికి చేరిన శుక్రకణాలు మాత్రం అయిదు రోజుల దాకా బతకగలవు. వాటిలో ఒకటి అండంతో కలిస్తే ఫలదీకరణం జరిగి సంయుక్తబీజం ఏర్పడుతుంది.

ఈ సంయుక్తబీజం ఒకటి రెండై, రెండు నాలుగై, నాలుగు ఎనిమిదై విభజన చెందుతూ మూడు నాలుగు రోజుల్లో గర్భాశయం చేరుకుంటుంది. ఆరో రోజు ప్రాంతంలో గర్భాశయం లోపలి పొరకు అంటుకుని, అందులో నాటుకోవటం మొదలుపెడుతుంది.

ఇక్కడే ఒక చిక్కుంది. అండం విడుదలైన చోట కార్పస్ లూటియం అనే పసుపుపచ్చని గ్రంథి తయారవుతుంది. అది ప్రొజెస్టిరాన్ అనే హార్మోనును స్రవిస్తుంది. గర్భాశయం లోపలి పొరను మెత్తని పరుపులా నిలిపి ఉంచేది ఈ హార్మోనే. కాని ఆ గ్రంథికి ఆయుష్షు రెండు వారాలే. అది క్షీణిస్తే ప్రొజెస్టిరాన్ తగ్గిపోతుంది. పొర ఊడి రక్తంతో సహా బయటికి వస్తుంది. అదే బహిష్టు. పొర ఊడిపోతే దానిలో అప్పుడే నాటుకున్న పిండం కూడా కొట్టుకుపోవాలి గదా!

అలా జరగకుండా పిండం తన జాగ్రత్త తాను పడుతుంది. తర్వాత జరాయువు (మనం ‘మావి’ అంటాం) కాబోయే కణాలు ఒక కొత్త హార్మోనును తల్లి రక్తంలోకి వదులుతాయి. దాని పేరు హ్యూమన్ కోరియానిక్ గొనడోట్రోపిన్, క్లుప్తంగా హెచ్.సి.జి. ‘నువ్వు ఆగిపోవద్దు, పని కొనసాగించు’ అని కార్పస్ లూటియానికి ఇది పంపే కబురు. కబురు అందగానే ప్రొజెస్టిరాన్ తగ్గకుండా ఉంటుంది. పొర ఊడదు. బహిష్టు రాదు. మనం ‘నెల తప్పింది’ అంటాం.

మొదటి వారాల గుర్తులు

నెల తప్పటం అన్నిటికన్నా ముఖ్యమైన గుర్తు. దానితో పాటు మరికొన్ని కనిపిస్తాయి. ఒక్కొక్కటే చూద్దాం.

వికారం, వాంతులు: ఇవే వేవిళ్లు. గర్భవతుల్లో ప్రతి పదిమందిలో సుమారు ఏడెనిమిది మందికి ఇవి ఉంటాయి. సాధారణంగా ఆరో వారం ప్రాంతంలో మొదలై, తొమ్మిదో వారానికి ఎక్కువై, నాలుగో నెల వచ్చేసరికి చాలామందిలో తగ్గిపోతాయి. పొద్దున్నే వస్తాయని పేరేగాని, రోజులో ఏ వేళనైనా రావచ్చు. పోపు వాసన, కాఫీ వాసన, నిన్నటిదాకా ఇష్టమైన కూర వాసన కూడా కడుపులో తిప్పవచ్చు. అసలు వేవిళ్లే లేకుండా నిండునెలలు గడిచేవారూ ఉన్నారు.

రొమ్ముల్లో మార్పులు: బరువుగా, నొప్పిగా, పట్టేసినట్టుగా ఉంటాయి. చనుమొన చుట్టూ ఉండే వలయం నల్లబడుతుంది. రాబోయే బిడ్డకు పాలివ్వటానికి శరీరం అప్పుడే సిద్ధమవుతున్నదన్నమాట.

అలసట, నిద్రమత్తు: పెద్దగా పని చేయకపోయినా ఒళ్లు వాలిపోతుంది. ప్రొజెస్టిరాన్ పెరగటం దీనికి ఒక కారణం.

మాటిమాటికీ మూత్రం: మూత్రపిండాలకు రక్తప్రసరణ పెరుగుతుంది. పెరుగుతున్న గర్భాశయం తన ముందున్న మూత్రాశయాన్ని ఒత్తుతుంది. రెండూ కలిసి రాత్రిళ్లు కూడా లేపుతాయి.

తిండిలో మార్పులు: పులుపు మీద మనసు పోవటం, కొన్ని పదార్థాలు గిట్టకపోవటం మామూలే. అయితే మట్టి, సున్నం, బలపాలు, బూడిద తినాలనిపిస్తే దాన్ని ‘గర్భిణి కోరిక’ అని నవ్వి ఊరుకోకూడదు. రక్తంలో ఇనుము తక్కువైనవారిలో తరచు ఇలా జరుగుతుంది. డాక్టరుకు చెప్పాలి.

కొద్దిపాటి రక్తపు మరక: పిండం నాటుకునే రోజుల్లో కొందరికి కొద్దిగా రక్తం కనిపిస్తుంది. దాన్ని బహిష్టే అనుకుని పొరబడేవారుంటారు.

ఇప్పుడొక ప్రశ్న. ఈ గుర్తులు గర్భిణికే వస్తాయా? రావు! వికారం అజీర్తి వల్లా, కామెర్ల వల్లా రావచ్చు. మాటిమాటికీ మూత్రం మూత్రనాళంలో చీము పట్టినా, మధుమేహం ఉన్నా వస్తుంది. రొమ్ముల నొప్పి చాలామందికి బహిష్టు ముందు మామూలే. అలసట రక్తహీనతలో ఉండనే ఉంటుంది. నెల తప్పటం కూడా థైరాయిడ్ గ్రంథి లోపం వల్ల, బాగా చిక్కిపోవటం వల్ల, తీవ్రమైన దిగులు వల్ల, దీర్ఘవ్యాధుల వల్ల జరగవచ్చు. పాలిచ్చే తల్లులకు చాలా నెలలు బహిష్టు రాకపోవచ్చు.

ముఖ్యంగా మీ వయసు ఆడపిల్లల సంగతి గుర్తుంచుకోవాలి. రజస్వల అయిన తర్వాత మొదటి రెండు మూడేళ్లు బహిష్టు క్రమంగా రాకపోవటం చాలా సహజం. అలాంటి పిల్లను చూసి చాటుగా గుసగుసలాడటం అజ్ఞానమే కాదు, అన్యాయం కూడా.

అనుమానం నుంచి నిర్ధారణ దాకా మూడు మెట్లు

అందుకే వైద్యశాస్త్రం ఈ గుర్తులన్నిటినీ ఒకే గాటన కట్టదు. మూడు మెట్లుగా విడదీస్తుంది.

మొదటి మెట్టు: అనుమానపు గుర్తులు. నెల తప్పటం, వేవిళ్లు, అలసట వంటివి. వీటిని ఎక్కువగా ఆ స్త్రీ తానే గమనిస్తుంది.

రెండవ మెట్టు: బలమైన గుర్తులు. గర్భాశయం పెద్దదై మెత్తబడటం వంటి మార్పులు డాక్టరు పరీక్షలో తెలుస్తాయి. మూత్రపరీక్షలో హెచ్.సి.జి. కనిపించటం కూడా ఈ మెట్టులోదే.

మూడవ మెట్టు: తిరుగులేని గుర్తులు. ఇవి తల్లివి కావు, బిడ్డవి. బిడ్డ గుండె చప్పుడు వినటం, అల్ట్రాసౌండ్‌లో పిండాన్ని చూడటం, బిడ్డ కదలికలు డాక్టరు చేతికి తగలటం. ఫ్రెంచి వైద్యుడు కెర్గరడెక్ 1821లో స్టెతస్కోపుతో గర్భంలోని బిడ్డ గుండె చప్పుడు విన్నాడు. 1958లో బ్రిటన్‌లోని గ్లాస్గో నగరంలో ఇయాన్ డొనాల్డ్, ఆయన సహచరులు ధ్వని తరంగాలతో గర్భస్థ పిండం చిత్రాలను ప్రచురించారు. నేడు ఆరేడు వారాలకే ఆ చిన్ని గుండె కొట్టుకోవటం తెరమీద చూడవచ్చు.

మొదటి మెట్టు మీదే ఆగిపోతే ఏమవుతుందో చెప్పే చరిత్ర ఒకటుంది. 1554లో ఇంగ్లండు రాణి మొదటి మేరీకి బహిష్టు ఆగింది, పొట్ట పెరిగింది. గర్భవతి అని ప్రకటించారు. కొత్త బిడ్డ కోసం రాజభవనంలో ఏర్పాట్లు జరిగాయి. 1555 వేసవి గడిచింది. బిడ్డ పుట్టలేదు. పొట్ట తగ్గిపోయింది. అసలు గర్భమే లేదు! అంతటి రాణికి అంతమంది వైద్యులుండీ రెండో మెట్టు, మూడో మెట్టు ఎక్కే సాధనం ఆనాడు ఎవరి దగ్గరా లేదు.

గోధుమల నుంచి గీతల దాకా

మూత్రంలో రహస్యం దాగి ఉన్నదని మనిషి చాలా కాలం క్రితమే ఊహించాడు. మూడువేల ఏళ్లకు పూర్వపు ఈజిప్టు పత్రాల్లో ఒక పరీక్ష ఉంది. స్త్రీ మూత్రాన్ని రోజూ గోధుమ, బార్లీ గింజల మీద పోయాలి. మొలకెత్తితే గర్భం ఉన్నట్టు. 1963లో శాస్త్రజ్ఞులు దీన్ని చేసి చూశారు. పదింట ఏడుసార్లు గర్భవతుల మూత్రానికి గింజలు మొలిచాయి. కాని ఏ గింజ మొలిస్తే ఏ బిడ్డ అని ఆ పత్రంలో చెప్పిన మాట మాత్రం తేలిపోయింది. పదింట మూడుసార్లు తప్పే పరీక్షను నమ్ముకుని వైద్యం చేయలేం గదా!

1920ల చివర బెర్లిన్‌లో అష్‌హైమ్, జోండెక్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు గర్భవతి మూత్రాన్ని ఆడ చిట్టెలుక పిల్లలకు ఇంజెక్షన్‌గా ఇచ్చారు. కొన్ని రోజుల తర్వాత కోసి చూస్తే, ఇంకా ఎదగవలసిన ఆ పిల్లల బీజకోశాలు అప్పుడే ఎదిగి ఉన్నాయి. మూత్రంలో ఏదో హార్మోను ఉన్నదని రుజువైంది. 1931లో అమెరికాలో ఎలుకలకు బదులు కుందేళ్లు వాడారు. ఆ తర్వాత దక్షిణాఫ్రికా నీటికప్పల వంతు వచ్చింది. గర్భవతి మూత్రం ఎక్కించిన ఆడకప్ప కొన్ని గంటల్లోనే గుడ్లు పెట్టేది! దాన్ని చంపనక్కర లేదు, మళ్లీ వాడుకోవచ్చు.

1960లో స్వీడన్ శాస్త్రజ్ఞులు వీడే, గెమ్జెల్ జంతువుల అవసరం లేకుండా చేశారు. హెచ్.సి.జి.ని గుర్తుపట్టే ప్రతిరక్షకాలతో పరీక్షనాళికలోనే పరీక్ష చేసి చూపారు. అయినా ఫలితం తెలియాలంటే ప్రయోగశాలకే వెళ్లాలి. 1967లో మార్గరెట్ క్రేన్ అనే అమెరికన్ యువతి ఒక మందుల కంపెనీలో పరీక్షనాళికల వరుస చూసి, ‘ఇది స్త్రీలు ఇంట్లోనే చేసుకోలేరా?’ అనుకుంది. ఆమె శాస్త్రజ్ఞురాలు కాదు, బొమ్మలు గీసే డిజైనరు. ఒక ప్లాస్టిక్ డబ్బా, చిన్న అద్దం, పరీక్షనాళిక, చుక్కలు వేసే గొట్టం – ఇంతే సామగ్రి. అది 1971లో కెనడాలో అమ్మకానికి వచ్చింది. నేడు మనం చూసే చిన్న పట్టీ 1980ల చివర రూపుదిద్దుకుంది.

ఈ పట్టీ పనిచేసే తీరు సులభమే. మూత్రం పట్టీ వెంబడి పాకుతూ పోతుంది. దారిలో రంగు రేణువులు అతికించిన ప్రతిరక్షకాలుంటాయి. హెచ్.సి.జి. ఉంటే అవి దాన్ని పట్టుకుని ముందుకు సాగుతాయి. ‘టి’ అనే గీత దగ్గర కాపు కాసిన మరికొన్ని ప్రతిరక్షకాలు వాటిని ఆపేస్తాయి. అక్కడ రంగు గీత పడుతుంది. ‘సి’ దగ్గరి గీత హెచ్.సి.జి. ఉన్నా లేకున్నా పడాలి. అది పరీక్ష సరిగా జరిగిందనటానికి సాక్ష్యం. రెండు గీతలు పడితే గర్భం ఉన్నట్టు. ‘సి’ ఒక్కటే పడితే హెచ్.సి.జి. కనిపించలేదన్నమాట. ‘సి’ గీత పడకపోతే ఆ పట్టీ పనికిరానిది, కొత్తది వాడాలి.

పొద్దున్నే పోసే మొదటి మూత్రం మంచిది. అందులో హార్మోను చిక్కగా ఉంటుంది. నెల తప్పకముందే తొందరపడి చేస్తే, గర్భం ఉన్నా గీత పడకపోవచ్చు. అప్పటికి హెచ్.సి.జి. ఇంకా తక్కువ. తొలి వారాల్లో అది రెండు మూడు రోజులకొకసారి రెట్టింపవుతుంది. కాబట్టి గీత పడకపోయినా బహిష్టు రాకపోతే వారం తర్వాత మళ్లీ పరీక్ష చేయాలి. అరుదుగా గర్భాశయంలో పెరిగే కొన్ని గడ్డలు కూడా ఈ హార్మోనును స్రవిస్తాయి. రెండు గీతలు పడినా డాక్టరును కలవాలనేది అందుకే. ఆశా కార్యకర్తల దగ్గర ఈ పట్టీలు ఉచితంగా దొరుకుతాయి.

ఎందుకింత తొందర?

‘నెల తప్పింది గదా, ఇంకో నెల చూద్దాం’ అనటం మన ఇళ్లలో తరచు వినిపించే మాట. కాని లోపలి గడియారం ఆగదు. నెల తప్పిన రోజుకు పిండం వయసు దాదాపు రెండు వారాలు. మరో వారం తిరిగేసరికి గుండె కొట్టుకోవటం మొదలవుతుంది. నాలుగు వారాలు నిండేసరికి మెదడు, వెన్నుపాము కాబోయే నాడీనాళం మూసుకోవాలి. ఎనిమిది వారాలకు ముఖ్యమైన అవయవాలన్నీ రూపు దిద్దుకుంటాయి. అంటే మనం ‘చూద్దాం’ అనుకునే ఆ నెలే బిడ్డకు అతి కీలకమైన నెల!

దీనికి ప్రపంచం చెల్లించిన మూల్యం థాలిడోమైడ్ కథ. 1957లో పశ్చిమ జర్మనీలో ఈ మందు నిద్రమాత్రగా వచ్చింది. ఎంతో సురక్షితమని చెప్పి చాలా దేశాల్లో గర్భవతుల వేవిళ్లకు కూడా ఇచ్చారు. చేతులూ కాళ్లూ సరిగా ఏర్పడని పిల్లలు పుట్టసాగారు. 1961 నవంబరులో జర్మనీలో దాన్ని ఉపసంహరించేసరికి జరగవలసిన నష్టం జరిగిపోయింది. ప్రపంచం మొత్తం మీద పదివేల మందికి పైగా బిడ్డలు బలయ్యారు. ఫలదీకరణం తర్వాత సుమారు మూడు నుంచి అయిదు వారాల మధ్య వేసుకున్న మాత్రలే అవయవాలను దెబ్బతీశాయి. అమెరికాలో ఫ్రాన్సెస్ కెల్సీ అనే అధికారిణి తగిన సాక్ష్యం లేదని అనుమతి ఇవ్వకపోవటం వల్ల ఆ దేశంలో ఎందరో బిడ్డలు బతికిపోయారు.

కాబట్టి నెల తప్పిన స్త్రీ ఏ జబ్బుకు ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా, ఎక్స్‌రే తీయించుకోబోయినా ముందు ఆ మాట చెప్పాలి. దుకాణంలో అడిగి మాత్రలు కొని మింగకూడదు. అలాగే మూర్ఛకో, క్షయకో వాడుతున్న మందులను తనంతట తాను మానేయకూడదు; డాక్టరునే అడగాలి.

నాడీనాళం సరిగా మూసుకోవటానికి ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్ కావాలి. బడిలో వారానికొకసారి ఇచ్చే నీలిరంగు మాత్రలో ఇనుముతో పాటు ఇది కూడా ఉంటుంది. మన దేశంలో రక్తహీనత ఎంత ఉన్నదంటే, 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భవతుల్లో సగానికి పైగా (52.2 శాతం) రక్తహీనులని తేలింది. మొదటి 12 వారాల్లోనే ఆరోగ్య కేంద్రంలో పేరు నమోదు చేయించుకుంటే రక్తపరీక్ష, రక్తపోటు పరీక్ష, ఇనుము మాత్రలు, టీకాలు సకాలంలో అందుతాయి.

కొన్ని గుర్తులు కనిపిస్తే మాత్రం గంట కూడా ఆగరాదు. నెల తప్పిన తర్వాత పొత్తికడుపులో ఒకవైపు తీవ్రమైన నొప్పి, కళ్లు తిరిగి పడిపోవటం, రక్తస్రావం – ఇవి పిండం గర్భాశయంలో కాక ఫాలోపియన్ నాళంలో పెరుగుతున్నదనటానికి సూచన కావచ్చు. నాళం పగిలితే ప్రాణానికే ముప్పు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. మంచినీళ్లు కూడా కడుపులో నిలవనంతగా వాంతులైనా ఆస్పత్రికి తీసుకుపోవాలి.

దాచటం ప్రమాదం

18 ఏళ్లు నిండని బాలిక శరీరం బిడ్డను మోయటానికి సిద్ధంగా ఉండదు. తన ఎదుగుదలకే చాలని ఇనుము, కాల్షియం ఇద్దరు పంచుకోవాలి. రక్తపోటు పెరగటం, కాన్పు కష్టం కావటం ఈ వయసులో ఎక్కువ. అందుకే 2006 నాటి చట్టం బాల్యవివాహాలను నిషేధించింది. 18 ఏళ్లలోపు పిల్లలతో లైంగిక చర్య 2012 నాటి పోక్సో చట్టం కింద నేరం. ఆ నేరం పిల్లది కాదు. అటువంటి పరిస్థితి ఎవరికైనా ఎదురైతే భయపడి దాచకూడదు. అమ్మకో, నమ్మకమున్న టీచరుకో, డాక్టరుకో చెప్పాలి. లేదా పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయాలి. నాటువైద్యుల దగ్గర రహస్యంగా చేయించుకునే గర్భస్రావాలు ప్రాణాలు తీస్తాయి.

చివరిగా ఒక అపోహ. పులుపు తింటే మగపిల్లాడు, తీపి తింటే ఆడపిల్ల, ముఖంలో కళను బట్టి ఫలానా అని చెప్పే మాటల్లో నిజం లేదు. గర్భిణి శరీరంలో కనిపించే ఏ తొలి చిహ్నమూ బిడ్డ ఆడో మగో చెప్పదు. స్కానింగ్‌లో చూసి చెప్పటం 1994 చట్టం ప్రకారం నేరం.

అమ్మమ్మ గుర్తు చూసి అనుమానించటం తప్పు కాదు. అది విజ్ఞానానికి మొదటి మెట్టే. అక్కడే కూర్చుండిపోవటం తప్పు. అనుమానం కలిగిన వారంలోనే పరీక్ష, పరీక్ష తేలిన వెంటనే డాక్టరు – ఈ రెండడుగులే తల్లికీ బిడ్డకీ రక్ష.

ఆలోచించండి

1. గర్భం వయసును చివరి బహిష్టు మొదలైన రోజు నుంచి లెక్కిస్తారు. ఆ తేదీకి తొమ్మిది నెలల ఏడు రోజులు కలిపితే కాన్పు తేదీ ఉజ్జాయింపుగా తెలుస్తుంది. చివరి బహిష్టు జనవరి 10న మొదలైతే కాన్పు ఎప్పుడు? (జవాబు: అక్టోబరు 17. మధ్యలో 280 రోజులు.)

2. పైన ‘తొమ్మిదో వారం’ వేవిళ్లు ఎక్కువవుతాయన్నాం. ఆ లెక్క చివరి బహిష్టు నుంచి. మరి అప్పటికి పిండం అసలు వయసెంత? (సూచన: అండం విడుదలయ్యేది ఎప్పుడు?)

3. పట్టీ మీద ‘టి’ గీత ఒక్కటే పడి ‘సి’ గీత పడలేదు. గర్భం ఉన్నట్టా, లేనట్టా? ఎందుకు?

4. ఈ వ్యాసంలోని గుర్తులను మూడు మెట్లుగా పట్టిక వేయండి. మొదటి మెట్టులోని ప్రతి గుర్తుకూ ఎదురుగా, గర్భం కాకుండా మరో కారణం రాయండి.